చేతికివ్వని ఉప్పు

హలో... హలో, వినిపిస్తోందాండీ? నేనే, చిప్పలవానిపాలెం నుంచి అప్పలనర్సయ్యని. అందరూ కులాసాయేనా? భోజనాలయ్యాయా? అయితే ఒక్క ప్రశ్న. ఇవాళ మీరు తిన్న కూరలో ఉప్పు సరిపోయిందా? సరిపోతే మీరు అదృష్టవంతులు. ఆ ఉప్పు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్ళిందని మిమ్మల్ని ఎవరూ అడగలేదు కదా? మమ్మల్ని అడిగారు. ఆ సంగతి చెబుదామనే ఇలా ఫోన్లో రికార్డు చేసి పంపుతున్నాను. టీ పక్కన పెట్టుకుని వినండి, మధ్యలో కట్ చెయ్యకండి.

మా ఇల్లు భీమిలి దాటాక, సముద్రం ఒడ్డున. కింద మేం ఉంటాం. మేడ మీద ఒక గది, దాన్ని ఆనుకుని ఒక చిన్న వంటగది. సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్ళకి దాన్ని రోజువారీ అద్దెకిస్తాం. ఇస్తాం అంటున్నాను గానీ ఆ వ్యాపారం నాది కాదు, మా ఆవిడ పైడితల్లిది. పక్కనున్న రిసార్టులో ఏళ్ళ తరబడి గిన్నెలు తోమింది. తోమీ తోమీ చేతి గీతలు అరిగిపోయాక ఒకరోజు ఇంటికొచ్చి, "ఇంక ఊరోళ్ళ గిన్నిలు నాను తోమను మావా. నా గిన్నిల్లో ఊరోళ్ళే వొండుకుంటారు" అంది. అలా కట్టించింది ఆ మేడగది. ఆ గది నడిచినన్నాళ్ళు ఆవిడ మళ్ళీ రిసార్టు గడప తొక్కక్కర్లేదు. మూతబడిందా, పీచూ బూడిదా తనకోసం అక్కడే ఎదురుచూస్తుంటాయి.

అందుకని ఆ వంటగదిని పైడి కన్నకూతుర్ని సాగనంపుతున్నట్టు సర్దేది. బియ్యం, కందిపప్పు, చింతపండు, నూనె, టీపొడి, పోపులపెట్టె నిండా దినుసులు. గాజు సీసాలో కల్లుప్పు. వచ్చినవాళ్ళు పొద్దున్నే ఒడ్డుకి వెళ్ళి చేపలు కొనుక్కుని, పైకొచ్చి వండుకుని, తిని, పడుకుని, లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఎవరూ ఎవరినీ ఏమీ అడిగింది లేదు.

అడగడం ఎక్కడో మొదలైంది. వేరే ఊళ్ళో, ఇలాంటి గదిలోనే దిగిన ఒక పెద్దమనిషి ఇంటికెళ్ళి ఫోన్లో రాశాడు: "సముద్రం బాగుంది. పరుపు బాగుంది. వంటింట్లో ఉప్పు లేదు." ఒకే ఒక్క స్టారు ఇచ్చాడు. ఆ ఇంటాయన, "ఉప్పు ఉంది, పసుపు డబ్బా వెనకాల ఉంది" అన్నాడు. ఈయన లేదన్నాడు. గొడవ అతిథి వంటశాలల సమన్వయ మండలి దాకా వెళ్ళింది. మండలి వాళ్ళు తేలిగ్గా తీసుకునే మనుషులు కాదు. కూర్చున్నారు, చర్చించారు, టిఫిన్లు తిన్నారు. చివరికి ఒక గొప్ప సత్యం కనిపెట్టారు. వంటగదిలో వస్తువు ఉన్నంత మాత్రాన చాలదు, అది అతిథికి అందినట్టు సాక్ష్యం ఉండాలి.

దాన్నుంచి పుట్టిందే 'కరం నుంచి కరానికి' పథకం. మాకు వచ్చిన ఉత్తర్వు ఇలా ఉంది:

"ఇందుమూలముగా సమస్త వసతి గృహ యజమానులకు తెలియజేయునది ఏమనగా, వంటశాలయందు గల ప్రతి దినుసును యజమాని స్వహస్తముతో అతిథి హస్తమునందు ఉంచవలెను. సదరు క్షణమును ఛాయాచిత్రముగా తీసి మండలి యాప్ నందు నమోదు చేయవలెను. ఏ ఒక్క దినుసు తప్పినను సదరు గదికి తాళము వేయబడును."

నాకైతే నచ్చింది. నేను చదివింది ఏడో తరగతే గానీ మంచిమాట ఎక్కడ కనపడినా గుర్తుపడతాను. చేత్తో ఇవ్వడంలో ఒక ఆప్యాయత ఉంది కదండీ. భీమిలి రోడ్డు పొడుగునా బోర్డులు కట్టారు, రెండు చేతులు కలిసిన బొమ్మతో. పథకం మీద పాట కూడా కట్టించారు. మా వీధిలో ఆటోవాళ్ళు అదే పెట్టుకుని తిరిగేవారు.

తర్వాత పర్యవేక్షకులు పరబ్రహ్మం గారు జీపులో వచ్చారు. మండలి తరఫున మా ప్రాంతమంతా ఆయన చేతిలోనే ఉంది. వెంట డ్రైవర్ దాలినాయుడు. ఫోటోలు తియ్యడం కూడా అతని పనే. పరబ్రహ్మం గారు మేడమెట్లెక్కి, గది మధ్యలో నిలబడి, గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, ఈ క్షణం నుంచి నేను పర్యవేక్షకుణ్ణి కాను. అతిథిని. నన్ను అతిథిగా భావించి వ్యవహరించండి."

"అలగైతే సెప్పులు బయటొగ్గీసి రండి బాబూ" అంది పైడి.

ఆయన మారుమాట్లాడకుండా వెళ్ళి చెప్పులు విప్పి వచ్చారు. రెండు చేతులూ దోసిలి పట్టారు. పైడి బియ్యం డబ్బా ఇచ్చింది. ఫోటో. కందిపప్పు ఇచ్చింది. ఫోటో. చింతపండు, టీపొడి, పంచదార. అన్నిటికీ ఆయన ఒకే చిరునవ్వు నవ్వారు, ప్రసాదం అందుకున్నట్టు. దాలినాయుడు "సార్, కళ్ళు మూసేసినారు, మళ్ళీ" అన్నప్పుడల్లా చింతపండు వెనక్కిచ్చి మళ్ళీ తీసుకున్నారు.

తర్వాత పైడి ఉప్పు సీసా తీసి, గట్టు మీద పెట్టింది.

"అమ్మా, చేతికి."

"ఉప్పు గదా బాబూ. అక్కడెట్టాను, తీసుకోండి."

"నియమావళిలో గట్టు ప్రస్తావన లేదమ్మా. కరం నుంచి కరానికి."

"ఉప్పు సేతికిత్తే తగువులు రావా? మీకూ నాకూ తగువెందుకు బాబూ?"

పరబ్రహ్మం గారు దోసిలి దించి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. అది ఉపన్యాసానికి గుర్తని మాకు తర్వాత తెలిసింది. "ఇటువంటి మూఢవిశ్వాసములకు మండలి దృష్టిలో ఎట్టి స్థానమూ లేదు. మానవుడు చంద్రమండలము మీద పాదము మోపిన ఈ తరుణంలో, ఒక లవణ స్ఫటికం రెండు హస్తాల మధ్య ప్రయాణించినంత మాత్రాన కలహం సంభవిస్తుందా? ఆలోచించండి!"

పైడి ఆలోచించింది. తాళం గురించి ఆలోచించింది, రిసార్టు గురించి ఆలోచించింది. నా వంక ఒకసారి చూసింది. కళ్ళు మూసుకుని, అత్తగారి ఆత్మకి దణ్ణం పెట్టుకుని, సీసా పైకెత్తి ఆయన ముందుకి చాపింది.

నేను కళ్ళారా చూశాను. పరబ్రహ్మం గారి చెయ్యి ముందుకొచ్చింది. సీసా దగ్గర దాకా వచ్చి, వేడి పెనం దగ్గరికి వెళ్ళినట్టు వెనక్కి వెళ్ళిపోయింది.

"సార్, ఫోటో" అన్నాడు దాలినాయుడు.

"ఉండవయ్యా!" ఆయన మళ్ళీ చాపారు, మళ్ళీ వెనక్కి వెళ్ళింది. "నాకు నమ్మకం లేదమ్మా. బొత్తిగా లేదు. కానీ మా ఇంట్లో అమ్మ ఉంది... ఆవిడకి తెలిస్తే... మీరు దాన్ని కాస్త గట్టు మీద పెట్టండి."

"ఎట్టాను గదా బాబూ ఇందాక?"

"అలా పెడితే ఫోటో చెల్లదు."

ఇలా కొంతసేపు ఉప్పు గట్టు ఎక్కుతూ దిగుతూ ఉన్నాక, ఆయన "విషయాన్ని పైకి నివేదిస్తాను" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

పైవాళ్ళు చాలా తెలివైనవాళ్ళు. విషయాన్ని మూలాల్లోకి వెళ్ళి పరిశీలించారు. ఉప్పు చేతికిస్తే ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ తగువు వస్తుందని ప్రజల అనుమానం. అయితే మధ్యలో ఇంకొకరుంటే? యజమాని అతనికిస్తాడు, అతను అతిథికిస్తాడు. వచ్చే తగువులన్నీ ఆ మధ్యవాడికే వస్తాయి. యజమానీ అతిథీ మాత్రం అన్యోన్యంగా ఉంటారు. ప్రతి వసతి గృహానికీ ఒక 'లవణ మధ్యవర్తి'ని నియమించాలని తీర్మానించారు. మా గదికి ఆ పదవి నాకు దక్కింది. ఉత్తర్వులో కారణం కూడా రాశారు: "సదరు అప్పలనర్సయ్య యజమానురాలికి భర్త అయినందున, వారిరువురి మధ్య కొత్తగా సంభవించగల కలహమేదియు లేదని మండలి భావించుచున్నది."

మండలి భావించినదాంట్లో అది ఒక్కటీ నిజం.

నాకు శిక్షణ ఇచ్చారండి. పట్నంలో ఏసీ హాలు. మెడలో కార్డు, చంకలో సంచీ, సంచీలో నీళ్ళసీసా. నాలాంటి మధ్యవర్తులు హాలు నిండా ఉన్నారు. అందరూ మొగుళ్ళే. ఒక ప్రొఫెసర్ గారు వచ్చి ఉప్పు చరిత్ర చెప్పారు. ఇంకొకాయన, తగువు వచ్చినప్పుడు ముఖం ఎలా పెట్టాలో చూపించారు. ప్రశ్నలడగమంటే, వెనక వరసలో ఒక పెద్దాయన లేచాడు.

"చెయ్యి తగలకుండా పట్టకారుతో ఇవ్వచ్చాండీ?"

"భేషైన ఆలోచన!" అన్నారు శిక్షకులు.

"కానండీ, పట్టకారు ఇనుముది గదండీ. ఇనుము మాత్రం చేతికిస్తామేటండీ?"

శిక్షకులు పక్కనున్నవారితో గుసగుసలాడి, "భోజన విరామం" అన్నారు. భోజనంలో ఉప్పు గిన్నె ఒక మూల బల్ల మీద పెట్టి ఉంది. ఎవరికి కావాల్సింది వాళ్ళు వేసుకున్నారు. నేను గమనించాను గానీ, శిక్షణలో ఉన్నవాణ్ణి, నోరెత్తలేదు.

నేను పదవిలోకొచ్చాక మొదట దిగింది వరంగల్ జంట. కొత్తగా పెళ్ళయినవాళ్ళు, శ్రీలత, వాళ్ళాయన. నేను కార్డు మెడలో వేసుకుని, పైడి దగ్గర ఉప్పు అందుకున్నాను. అందుకుంటుండగానే, "ఆ సేతులు కడుక్కున్నావా?" అంది. "కడుక్కోకపోతే ఏటిప్పుడు?" అన్నాను. అయినా మేం తగువు తర్వాతకి వాయిదా వేసుకున్నాం, ఎందుకంటే డ్యూటీ. మెట్లెక్కి, శిక్షణలో చెప్పినట్టు ముఖం పెట్టి, ఉప్పు చాపాను.

ఆ పిల్ల రెండడుగులు వెనక్కేసింది. "గిదేంది అంకుల్! ఉప్పు చేతికిస్తరా ఎవరన్నా? మా అవ్వకు తెలిస్తే పెండ్లి ఫోటోలల్లకెళ్ళి నన్ను కోసి పడేస్తది."

"అమ్మా, ఇది పథకం. తగువులన్నీ నా ఖాతాలోకే వస్తాయి. నేను మధ్యవర్తిని."

"గట్లైతే మీరే ఉంచుకోండ్రి. పెండ్లై నెల కాలే, మాకెందుకు లొల్లి?"

వాళ్ళు ఉప్పు ఫోటో లేకుండానే ఉండి వెళ్ళారు. తర్వాత అనంతపురం వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఇంటిపెద్ద ఓబులపతి, మీసాలు, భారీ మనిషి. ఈయన దేనికీ భయపడడనుకున్నాను. ఉప్పు చాపగానే ఆయన మీసాలు కిందికి దిగిపోయాయి. "ఏందప్పా ఇది? నీకూ నాకూ యా జన్మ పగ? అన్నం పెట్టే ఇంట్లో కొట్లాట పెట్టుకోమంటావా?" అని పిల్లల్ని వెనక్కి లాక్కున్నాడు.

రాష్ట్రాలు విడిపోయాయి గానీ, ఉప్పు దగ్గర తెలుగువాళ్ళందరూ ఇంకా ఒక్కటిగానే ఉన్నారు. ఆ ఐకమత్యం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. మా గదికి మాత్రం తాళం పడింది.

పరబ్రహ్మం గారే స్వయంగా వచ్చి వేశారు. వేస్తున్నంతసేపూ బాధపడ్డారు. "నాకు వ్యక్తిగతంగా మీ మీద ఎట్టి ద్వేషమూ లేదు. యాప్‌లో మీ ఉప్పు గడి ఎర్రగా మెరుస్తోంది. నేనేం చేసేది?"

కార్తీకమాసం ముంచుకొస్తోంది. వనభోజనాలకి, సముద్ర స్నానాలకి జనం పోటెత్తే కాలం. గది అడుగుతూ ఫోన్లు వస్తున్నాయి, పైడి "లేదు బాబూ" అని పెట్టేస్తోంది. ఒకరోజు రిసార్టు మేనేజరు కబురు పంపాడు: "గిన్నెల దగ్గర మనిషి కావాలి, పైడమ్మని రమ్మనండి." ఆవిడ పీచు ఒకటి తీసుకుని మా ఇంట్లో గిన్నెలే తోమడం మొదలెట్టింది. శుభ్రంగా ఉన్న గిన్నెలు కూడా తోమింది. నేను పలకరించడానికి సాహసించలేదు.

ఆ వారంలోనే మండలి నుంచి ఇంకో పరిష్కారం వచ్చింది. ఇంతకాలం ఎవరికీ తట్టలేదని పరబ్రహ్మం గారు చాలా ఆశ్చర్యపోయారు.

"సమస్య ఎక్కడుంది? ఉప్పు దగ్గర. ఉప్పే లేకపోతే?"

"లేకపోతే ఏటి బాబూ?" అంది పైడి.

"ఇవ్వాల్సిన పనే ఉండదు! మీ వంటశాలను రాష్ట్రంలోనే మొట్టమొదటి లవణరహిత ఆదర్శ వంటశాలగా ఎంపిక చేశాం. తాళం ప్రస్తుతానికి తీస్తున్నాను. మండలి డైరెక్టర్ మేడం హైమావతి గారు స్వయంగా వచ్చి, ఇక్కడ భోంచేసి, తృప్తి ప్రకటిస్తే శాశ్వత అనుమతి. లేని పక్షంలో మళ్ళీ తాళం. ఈసారి సీలుతో, శాశ్వతంగా."

"గది తెరిస్తే అదే సాలు" అంది పైడి.

కానీ షరతు ఒకటుంది. ప్రాంగణంలో ఎక్కడా ఉప్పు కనపడకూడదు. ఎందుకంటే ఉప్పు ఉండి చేతికి ఇవ్వకపోతే నేరం. మేడ మీద ఉప్పు సీసా పట్టుకెళ్ళారు. కింద మా ఇంట్లోదీ పట్టుకెళ్ళారు. ఆవకాయ జాడీలో ఉప్పుందని జాడీని మూట కట్టారు. దండెం మీద ఎండు చేపలున్నాయి, అవి కూడా ఉప్పు పట్టించినవే. దాలినాయుడు వాటిని ఒక్కొక్కటీ తీసి సంచిలో వేస్తూ, "పిన్నీ, నన్ను తిట్టుకోకు" అన్నాడు.

"నిన్నెందుకు తిడతానురా, నువ్వేటి సేత్తావు" అంది పైడి. తర్వాత పరబ్రహ్మం గారి వంక తిరిగి, "బాబూ, మరి అదో?" అని చెయ్యి చాపింది.

ఇంటి ముందు సముద్రం. పొద్దుటి ఎండలో తళతళలాడుతోంది.

పరబ్రహ్మం గారు చాలాసేపు దాన్ని చూశారు. మనిషి నిజాయితీపరుడు, చూసీ చూడనట్టు పోయే రకం కాదు. జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నారు. తర్వాత పైనుంచి జవాబొచ్చింది: "సముద్రము వేరొక శాఖ పరిధిలోనిది. దానితో మనకు నిమిత్తము లేదు."

ఇక మా తిండి సంగతి ఏం చెప్పను. ఉప్పులేని చారు ఎప్పుడైనా తాగారా? వేడినీళ్ళు మన మీద అలిగినట్టుంటుంది. పక్కింటి వాళ్ళ దగ్గరికెళ్ళి తిని వద్దామంటే, పైడి ఒప్పుకోలేదు. "మేడం వచ్చి సంతకం ఎట్టినదాకా ఈ గడపలోకి ఉప్పు రాదు మావా. ఆకలైతే కళ్ళు మూసుకుని తిను" అంది. ఎప్పుడు కోపమొచ్చినా కూరలో కారం దట్టించేసే మనిషి, అప్పుడు మాత్రం చాలా నెమ్మదిగా, చాలా శ్రద్ధగా వండింది. నాకు అదే భయం వేసింది.

డైరెక్టర్ మేడం వచ్చిన రోజు మా వీధి నిండా కార్లు. షామియానా వేశారు. గుమ్మం దగ్గర ఒక బల్ల, దాని మీద గాజు పెట్టె, పెట్టెలో మా ఉప్పు సీసా, సీసా మూతకి లక్క సీలు. పక్కన కార్డు: 'గతకాలపు వంటశాలలలో వాడబడిన పదార్థము.' మా పక్కింటి పిల్లలు వరస కట్టి చూసి వెళ్ళారు.

హైమావతి గారు చక్కని మనిషి, పట్టుచీర, వెండి జుట్టు. మైకు తీసుకుని మాట్లాడారు. "లవణము అనునది కేవలము ఒక అలవాటు. నాలుకను మనమే పాడు చేసుకున్నాము. నాలుకయందు క్రమశిక్షణ ఏర్పడిననాడు సమాజమందు క్రమశిక్షణ ఏర్పడును." అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. బాగా చెప్పారు మరి.

తర్వాత పంక్తి. మేడగదిలో అరిటాకులు. ముద్దపప్పు, వంకాయ కూర, చేపల పులుసు, చారు, పెరుగు. అన్నీ పైడి చేతి వంటే, అన్నిట్లో అన్నీ ఉన్నాయి, అదొక్కటి తప్ప. అధికారులందరూ మొదటి ముద్ద పెట్టుకున్నారు. అందరూ మేడం వంక చూస్తున్నారు, మేడం ఆకు వంక చూస్తున్నారు.

పరబ్రహ్మం గారు ధైర్యం చేశారు. "మేడం, ఉప్పు అడ్డు తొలగడంతో వంకాయ తన గురించి తానే మాట్లాడుతోంది."

మేడం నమలడం ఆపారు. "ఏమంటోంది?"

పరబ్రహ్మం గారు ఇంకో ముద్ద పెట్టుకుని, ఎంత విన్నా వంకాయ ఏమంటోందో పట్టుకోలేకపోయారు.

"సహజత్వం" అన్నారొకరు. "స్వచ్ఛత" అన్నారింకొకరు. చేపల పులుసు దగ్గరికొచ్చేసరికి ఎవరికీ విశేషణాలు మిగల్లేదు. పుట్టినప్పట్నుంచీ ఉప్పునీళ్ళలో ఈదిన చేప, చచ్చాక ఇలా చప్పగా అయిపోతానని ఎప్పుడైనా అనుకుని ఉంటుందా?

మేడం ఎంగిలిచేత్తోనే లేచి వంటగదిలోకి వచ్చారు. అక్కడ పైడీ, నేనూ. మేడం వెనక్కి తిరిగి చూసి, తలుపు కాస్త దగ్గరకి వేసి, మైకులో గొంతు కాదు, వేరే గొంతుతో అడిగారు.

"అమ్మా, ఒక్క రవ్వ ఉప్పుందా?"

"లేదండమ్మా. మీవోళ్ళే పట్టుకెల్లీసినారు. గుమ్మం కాడ అద్దాల పెట్టిలో ఎట్టినారు."

మేడం తలుపు తీసి, "పరబ్రహ్మం గారూ!" అన్నారు. ఆ ఒక్క పిలుపుకి ఆయన పరుగెత్తి వెళ్ళి, సీసా పట్టుకొచ్చి, గట్టు మీద పెట్టి, సీలు పగలగొట్టారు. మేడం చెయ్యి సీసా వైపు వెళ్ళేలోపే పైడి దాన్ని తీసుకుంది. గుప్పెడు ఉప్పు తీసి, గుప్పిట ముందుకి చాపింది.

"సెయ్యి పట్టండమ్మా."

మేడం చెయ్యి చాపబోయి ఆగిపోయారు. "అక్కడ పెట్టమ్మా, తీసుకుంటాను."

"అక్కడెడితే రూలు ఒప్పదు గదండమ్మా? మీరే రాసినారట. సేతిలోంచి సేతిలోకి. ఓరి దాలినాయుడూ, ఫోను తియ్యి. మేడంగోరి ఫోటో బాగా రావాల."

"చూడమ్మా, అలా చేతికి తీసుకోకూడదు. మా అత్తగారు..." అని మేడం సగంలో ఆగారు.

"మా అత్తా అదే సెప్పింది. ఆవిడ మాట ఇన్నందుకే నా గదికి తాళం ఏసినారు. ఇప్పుడు మీ మాట ఇంటన్నాను. పట్టండి."

వంటగది గుమ్మంలో అధికారులు పోగయ్యారు. అందరి చేతులకీ చప్పటి అన్నం. మేడం పక్కకి చూశారు. "పరబ్రహ్మం గారూ, మీరు తీసుకుని నాకివ్వండి."

"మేడం!" ఆయన రెండు చేతులూ వెనక్కి వెళ్ళిపోయాయి. "మీకు నా మీద మంచి అభిప్రాయం ఉంది. వచ్చే నెలలో నా పదోన్నతి ఉంది. ఈ సమయంలో మన మధ్య..." ఆయన వెనకున్నాయన వంక చూశారు. ఆయన తన వెనకున్నాయన వంక చూశాడు. అలా చూపు మెట్ల దాకా వెళ్ళి, అక్కడ ఎవరూ లేక వెనక్కొచ్చింది. చివరికి నా మీద ఆగింది. ఎంతైనా నేను శిక్షణ పొందినవాణ్ణి. చెయ్యి చాపాను.

"నువ్వుండు మావా" అంది పైడి, గుప్పిట దించకుండా. "నీతో నాకున్నవి సాలు."

గుప్పిట సందుల్లోంచి రెండు ఉప్పుగళ్ళు రాలి గట్టు మీద పడ్డాయి. మేడం వాటి వంక చూసిన చూపు నేనింకా మర్చిపోలేదు. ఏకాదశి ఉపవాసం ఉన్నవాళ్ళు కూడా పాయసం వంక అలా చూడరు.

"నీకేం కావాలమ్మా?" అన్నారు మేడం నెమ్మదిగా.

"నాకేటీ అక్కర్లేదండమ్మా. ఉప్పు గట్టు మీదెట్టుకోవచ్చని ఒక్క ముక్క రాసి, ఆ తాళం మీతో పట్టుకెల్లిపోండి. ఇంక నా జోలికి రాకండి. తొందరగా రాయండి, పప్పు సల్లారిపోతంది."

మేడం ఎడంచెయ్యి చాపి పెన్ను అడిగారు. ఎంగిలిచెయ్యి పక్కకి పెట్టుకుని, సభ కోసం అచ్చువేసిన ఆహ్వానపత్రం వెనకాల, ఎడంచేత్తోనే వంకర టింకరగా రాశారు. ఇందుమూలముగా లేదు, సదరు లేదు. "ఉప్పు గట్టు మీద పెట్టవచ్చు. కావలసినవాళ్ళు తీసుకోవచ్చు." కింద సంతకం. మండలి పుట్టినప్పట్నుంచీ వాళ్ళ దగ్గర నుంచి వచ్చిన వాటిలో నాకు ఒక్కసారి చదవగానే అర్థమైంది అదొక్కటే.

పైడి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. తర్వాత గుప్పిట విప్పింది. ఉప్పు గలగలమని గట్టు మీద పడింది. మేడం చిటికెడు తీసుకుని ఆకు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆవిడ వెనకాల పరబ్రహ్మం గారు, ఆయన వెనకాల తక్కినవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు వచ్చి చిటికెలు తీసుకుని వెళ్ళారు. ఆ తర్వాత గదిలో ఉపన్యాసాలు లేవు. జుర్రుకునే చప్పుడు మాత్రం వినిపించింది. వంకాయ కూర మారు అడిగారు. పులుసు గిన్నె అడుగు గీకారు.

అన్నీ అయ్యాక, తేన్పు అణుచుకుంటూ పరబ్రహ్మం గారికి డ్యూటీ గుర్తొచ్చింది. ఫ్రేము కట్టించిన శాశ్వత అనుమతి పత్రం పట్టుకుని వచ్చారు. అందరూ చుట్టూ నిలబడ్డారు, దాలినాయుడు ఫోను ఎత్తాడు. ఆయన పత్రాన్ని రెండు చేతులతో ముందుకి చాపి, "ఈ శుభసమయంలో యజమానురాలు శ్రీమతి పైడితల్లి గారు స్వహస్తములతో దీనిని..." అని మొదలెట్టారు.

పైడి చెంగుతో చేతులు తుడుచుకుంటూ ఒకడుగు వెనక్కేసింది.

"ఆ గట్టు మీదెట్టీయండి బాబూ, నాను తీసుకుంటాను. మీకూ నాకూ మళ్ళీ తగువెందుకు?"

ఇదండీ సంగతి. ఇప్పుడు గది నిండా జనం, నేను నీళ్ళు మొయ్యలేక చస్తున్నాను, అది వేరే విషయం. ఇంతసేపూ విన్నారు గదా, ఒక్క సాయం చెయ్యండి. ఈ కథని ఎవరి చేతిలోనూ బలవంతంగా పెట్టకండి. మీ చుట్టాల గ్రూపులోనో, అపార్టుమెంటు గ్రూపులోనో అలా ఒక పక్కన పెట్టి వచ్చెయ్యండి. చప్పగా ఉన్నవాళ్ళు వాళ్ళే తీసుకుంటారు. ఉంటానండీ మరి, కింద నుంచి పైడి కేకేస్తోంది.